డీఎన్‌ఏ జత పోగును తప్పు లేకుండా రాయడం, గీయడం, లెక్క కట్టడం: సమగ్ర మార్గదర్శి

"ఏ కి టీ, జీ కి సీ అని తెలుసు సార్, అయినా మార్కు పోయింది." ఇంటర్ బైపీసీ పిల్లల నుంచి, నీట్‌కి చదివేవాళ్ల నుంచి, బీఎస్సీ బయోటెక్నాలజీ వాళ్ల నుంచి కూడా ఈ మాటే వస్తోంది. డీఎన్‌ఏ అంటే జత కట్టిన రెండు పోగులు. ఒక పోగులోని బేస్‌లను ఏ, టీ, జీ, సీ అక్షరాలతో రాస్తాం; వాటికి ఎదురుగా వచ్చే రెండోదే జత పోగు. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం అక్షరాల వల్ల కాదు, దిక్కు వల్ల పోతోంది. పోగు రెండు చివరల్లో 5' ఎటు, 3' ఎటు అన్నది మొదట తేల్చుకోకుండా అక్షరాలు రాసేస్తున్నారు. కాబట్టి ఇక్కడ ప్రతి మెట్టులోనూ ముందు దిక్కు, తర్వాతే అక్షరం. ఈ వరుస మార్చకండి.

## 1. మొదలుపెట్టే ముందు

చేతిలో ఉండాల్సినవి: రూళ్లు లేని తెల్ల కాగితాలు, పెన్సిల్, రబ్బరు, రెండు రంగుల పెన్నులు. ఒక రంగు ఒక పోగుకి, రెండోది దాని జత పోగుకి. పరీక్షలో రంగులు వాడనివ్వకపోవచ్చు గానీ, నేర్చుకునేటప్పుడు మాత్రం తప్పక వాడండి.

గుర్తులు: 5' ని "ఐదు ప్రైమ్" అని, 3' ని "మూడు ప్రైమ్" అని చదవాలి. ఆ చిన్న గీత చక్కెర అణువులోని కార్బన్‌ను సూచిస్తుంది. బేస్‌లోని పరమాణువులకు గీత లేని అంకెలు ఉంటాయి. గీత మర్చిపోతే చక్కెర కార్బన్ కాస్తా బేస్ కార్బన్ అయిపోతుంది.

కంఠస్థం చేయాల్సిన అంకెలు ఇవే:

- పక్కపక్క జతల మధ్య దూరం: 0.34 నానోమీటర్లు
- ఒక పూర్తి మెలికలో జతలు: 10
- ఒక మెలిక పొడవు: 3.4 నానోమీటర్లు
- నిచ్చెన (రెండు పోగులూ కలిసిన ఆకారం) వెడల్పు: 2 నానోమీటర్లు
- ఒక జత నుంచి పై జతకు తిరిగే కోణం: 36 డిగ్రీలు
- ఏ, టీ మధ్య హైడ్రోజన్ బంధాలు 2. జీ, సీ మధ్య 3

కణంలో ఉండే నీటి పరిస్థితుల్లో మెలికకు సుమారు 10.5 జతలు ఉంటాయని పై తరగతుల్లో చదువుతారు. ఇంటర్ లెక్కల్లో 10 వేయండి. ప్రశ్నలో వేరే అంకె ఇస్తే దాన్నే వాడండి.

## 2. ఒక్క న్యూక్లియోటైడ్‌ను చూడకుండా గీయగలగాలి

న్యూక్లియోటైడ్ అంటే పోగులోని ఒక్కో ముక్క: చక్కెర, బేస్, ఫాస్ఫేట్ కలిసినది. ఈ మెట్టు దాటేసి నేరుగా నిచ్చెన గీసేవాళ్లే తర్వాత దిక్కు దగ్గర తికమక పడతారు. పది నిమిషాలు ఇక్కడ పెట్టండి.

ఒక పంచభుజి గీయండి, ఇదే చక్కెర. పై కొనలో ఆక్సిజన్ రాయండి. దాని కుడి పక్క మూల 1' కార్బన్. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కులో కిందికి 2', తర్వాత 3', ఎడమ పక్క మూల 4'. ఐదో కార్బన్ పంచభుజిలో ఉండదు. 4' నుంచి పైకి ఒక చిన్న గీత గీసి, దాని కొన దగ్గర 5' రాయండి.

ఇప్పుడు తగిలించాల్సినవి:

- 1' కార్బన్‌కు బేస్
- 2' కార్బన్‌కు హైడ్రోజన్ మాత్రమే. ఇక్కడ హైడ్రాక్సిల్ పెడితే అది ఆర్‌ఎన్‌ఏ చక్కెర అవుతుంది
- 3' కార్బన్‌కు హైడ్రాక్సిల్ గుంపు
- 5' కార్బన్‌కు ఫాస్ఫేట్

ఫాస్ఫేట్ తీసేసి చక్కెర, బేస్ మాత్రమే ఉంచితే దాన్ని న్యూక్లియోసైడ్ అంటారు. ఒకటి రెండు మార్కుల ప్రశ్నల్లో ఈ తేడా తరచుగా అడుగుతారు.

బేస్‌లు నాలుగు. అడినైన్ (ఏ), గ్వానైన్ (జీ) ప్యూరిన్లు. వీటికి రెండు ఉంగరాలు. థైమిన్ (టీ), సైటోసిన్ (సీ) పిరిమిడిన్లు. వీటికి ఒకటే ఉంగరం. గుర్తుకు ఒక చిట్కా: ప్యూరిన్ పేరు పొట్టి, ఉంగరాలు రెండు, పిరిమిడిన్ పేరు పొడుగు, ఉంగరం ఒకటి. ప్యూరిన్ తన 9వ నైట్రోజన్‌తోనూ, పిరిమిడిన్ తన 1వ నైట్రోజన్‌తోనూ చక్కెర 1' కార్బన్‌ను పట్టుకుంటాయి. ఆ బంధం పేరు ఎన్-గ్లైకోసిడిక్ బంధం.

సరిచూసుకోండి: మీ బొమ్మలో ఫాస్ఫేట్ ఒక చివర, 3' హైడ్రాక్సిల్ ఇంకో చివర ఉన్నాయా? ఆ రెండు చివరల తేడానే "దిక్కు" అంటున్నాం. దీనికి మించి అందులో రహస్యం లేదు.

## 3. ఒక పోగు కట్టడం

మొదటి న్యూక్లియోటైడ్ కింద రెండోది గీయండి. మొదటి దాని 3' ఆక్సిజన్‌ను, రెండో దాని 5' ఫాస్ఫేట్‌తో కలపండి. ఇదే ఫాస్ఫోడైఎస్టర్ బంధం. అలా నాలుగు కలిపితే చాలు, పద్ధతి చేతికి వచ్చేస్తుంది.

పైన మిగిలిన చివరలో స్వేచ్ఛగా ఉన్న 5' ఫాస్ఫేట్, కింద స్వేచ్ఛగా ఉన్న 3' హైడ్రాక్సిల్ కనిపించాలి. పక్కన పై నుంచి కిందికి ఒక బాణం గీసి 5' నుంచి 3' అని రాయండి.

నాలుగు న్యూక్లియోటైడ్‌లకు ఎన్ని ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు? మూడు. ఈ సంగతి 7వ మెట్టులో లెక్కలకు పనికొస్తుంది.

## 4. జత పోగు రాయడం

అసలు పని ఇది. నాలుగు అడుగుల్లో చేయాలి, ఒక్కటి కూడా దాటేయొద్దు.

అడుగు ఒకటి. ఇచ్చిన పోగు చివరలు చదవండి. ప్రశ్నలో 5', 3' రాసి ఉంటే వాటికి సున్నా చుట్టండి. రాసి లేకపోతే ఎడమ చివర 5' అని తీసుకోవడం ఆనవాయితీ. ఆ మాట జవాబులో ఒక వాక్యంగా రాసి ముందుకు వెళ్లండి.

అడుగు రెండు. అక్షరాలు రాయకముందే కొత్త పోగు చివరలు రాయండి. పైన ఎడమ 5' ఉంటే కింద ఎడమ 3'. పైన కుడి 3' ఉంటే కింద కుడి 5'. రెండు పోగులూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి.

అడుగు మూడు. ఒక్కో అక్షరం కింద దాని జత రాయండి. ఏ కింద టీ, టీ కింద ఏ, జీ కింద సీ, సీ కింద జీ.

అడుగు నాలుగు. జవాబు ఏ దిక్కులో అడిగారో చూడండి. "5' నుంచి 3' వరకు రాయండి" అంటే మీరు రాసిన దాన్ని కుడి నుంచి ఎడమకు తిరగేసి రాయాలి.

చేసి చూద్దాం. ఇచ్చిన పోగు:

5'–ఏ టీ జీ సీ సీ ఏ జీ టీ ఏ ఏ–3'

చివరలు ముందు, అక్షరాలు తర్వాత:

3'–టీ ఏ సీ జీ జీ టీ సీ ఏ టీ టీ–5'

ఇది సరైన జవాబే. 5' నుంచి రాయమంటే తిరగేయాలి:

5'–టీ టీ ఏ సీ టీ జీ జీ సీ ఏ టీ–3'

చాలామంది చేసేది ఏమిటంటే, రెండో వరుసలో ఉన్నట్టే "టీ ఏ సీ జీ జీ..." అని రాసి, ఎడమ పక్క 5' తగిలిస్తారు. అక్షరాలన్నీ సరైనవే, పోగు మాత్రం వేరేది. దాన్ని నిజంగా ప్రయోగశాలలో తయారు చేయిస్తే మొదటి పోగుకు అతుక్కోదు. పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో కాపీలు తీసే పద్ధతి) చేసేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు: రెండో ప్రైమర్‌ను (కాపీ మొదలవడానికి అతుక్కునే చిన్న ముక్కను) తిరగేయకుండా ఆర్డర్ పెడితే డబ్బు ఖర్చవుతుంది, జెల్ మీద గీత రాదు. ప్రైమర్లను ఎప్పుడూ 5' నుంచి 3' వరకే రాసి పంపాలి.

చివరలు రాయని జవాబు సగం జవాబే అని నా అభిప్రాయం. దిద్దేవాళ్లు మార్కు వేసినా సరే, ఆ అలవాటు చేసుకోవద్దు.

మీ తిరగేసే పని సరిగ్గా వస్తోందో లేదో పరీక్షించుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఈకో ఆర్-వన్ అనే ఎంజైమ్ డీఎన్‌ఏను కోసే చోటు తీసుకోండి:

5'–జీ ఏ ఏ టీ టీ సీ–3'

దీని జత పోగు రాసి, 5' నుంచి తిరగేయండి. మళ్లీ జీ ఏ ఏ టీ టీ సీ రావాలి. రెండు పోగులూ 5' నుంచి చదివితే ఒకేలా ఉండే ఇలాంటి వరుసను పాలిండ్రోమ్ అంటారు. మీకు వేరేది వచ్చిందంటే నాలుగో అడుగులో తప్పు జరిగినట్టు. హిండ్-త్రీ ఎంజైమ్ చోటు ఏ ఏ జీ సీ టీ టీ తో కూడా ఇలాగే చేసి చూడండి.

ఇందులో ఒక మెలిక: తెలుగులో వికటకవి అన్న మాటను అదే వరుసలో వెనక నుంచి చదివితే మళ్లీ అదే వస్తుంది. డీఎన్‌ఏ పాలిండ్రోమ్ అలా కాదు. ఒకే పోగును వెనక నుంచి చదివితే జీ ఏ ఏ టీ టీ సీ కాస్తా సీ టీ టీ ఏ ఏ జీ అవుతుంది. జత పోగును చదివినప్పుడే మొదటిది తిరిగి వస్తుంది.

## 5. హైడ్రోజన్ బంధాలు గీయడం

ఇంటర్ స్థాయిలో ఏ, టీ మధ్య రెండు చుక్కల గీతలు, జీ, సీ మధ్య మూడు చుక్కల గీతలు చాలు. నిండు గీతలు గీయకండి; నిండు గీత అంటే సమయోజనీయ బంధం అని అర్థం.

ఉంగరాలతో సహా గీయమంటే ఏ పరమాణువు దేనికి ఎదురుగా ఉండాలో ఇదిగో:

- అడినైన్ 6వ స్థానంలోని అమైనో గుంపు, థైమిన్ 4వ స్థానంలోని ఆక్సిజన్‌కు
- థైమిన్ 3వ నైట్రోజన్ మీది హైడ్రోజన్, అడినైన్ 1వ నైట్రోజన్‌కు
- సైటోసిన్ 4వ స్థానంలోని అమైనో గుంపు, గ్వానైన్ 6వ స్థానంలోని ఆక్సిజన్‌కు
- గ్వానైన్ 1వ నైట్రోజన్ మీది హైడ్రోజన్, సైటోసిన్ 3వ నైట్రోజన్‌కు
- గ్వానైన్ 2వ స్థానంలోని అమైనో గుంపు, సైటోసిన్ 2వ స్థానంలోని ఆక్సిజన్‌కు

ఈ ఐదు వాక్యాల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతిచోటా ఒక పక్క హైడ్రోజన్ ఇచ్చేది, ఇంకో పక్క దాన్ని అందుకునేది ఉన్నాయి. బొమ్మ గీశాక ఇదే మీ పరీక్ష: ఇచ్చేదానికి ఎదురుగా అందుకునేది ఉందా?

"ఏ ఎందుకు సీ తో జత కట్టదు? అది కూడా ప్యూరిన్, పిరిమిడిన్ జతే కదా" అని అడిగేవాళ్లు తెలివైనవాళ్లు. వెడల్పు సరిపోతుంది, నిజమే. కానీ అడినైన్ అమైనో గుంపుకు ఎదురుగా సైటోసిన్ అమైనో గుంపే వస్తుంది, ఇద్దరూ ఇచ్చేవాళ్లే. దాని కింద అడినైన్ 1వ నైట్రోజన్‌కు ఎదురుగా సైటోసిన్ 3వ నైట్రోజన్ వస్తుంది, ఇద్దరూ అందుకునేవాళ్లే. బంధం కుదరదు.

ప్యూరిన్‌తో ప్యూరిన్ కలిపితే నిచ్చెన ఆ చోట ఉబ్బుతుంది, పిరిమిడిన్‌తో పిరిమిడిన్ కలిపితే సన్నబడుతుంది. వెడల్పు అంతటా ఒకేలా ఉండాలంటే రెండు ఉంగరాలది ఒకటి, ఒక ఉంగరంది ఒకటి కలవాలి. జవాబులో ఈ రెండు కారణాలూ రాయండి: వెడల్పు, ఇచ్చిపుచ్చుకోవడం. ఒక్కటే రాస్తే కారణం పూర్తి కాదు.

ఇంకో సంగతి. డీఎన్‌ఏ విడిపోకుండా నిలిచేది హైడ్రోజన్ బంధాల వల్ల మాత్రమే కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న జతల మధ్య ఉండే ఆకర్షణ పాత్ర చాలా పెద్దది. స్థిరత్వానికి కారణాలు అడిగితే దీన్ని వదిలేయకండి.

## 6. నిచ్చెనను మెలి తిప్పడం

ముందు నిటారు నిచ్చెన గీసుకోండి. నిలువు కర్రల స్థానంలో చక్కెర, ఫాస్ఫేట్ మార్చి మార్చి వస్తాయి. మెట్ల స్థానంలో బేస్ జతలు. ఫాస్ఫేట్లు బయట, బేస్‌లు లోపల. 1953లో లైనస్ పాలింగ్ అంతటి రసాయనవేత్తే ఫాస్ఫేట్లను మధ్యలో పెట్టి మూడు పోగుల నమూనా ప్రకటించి పొరబడ్డాడు. ఒకే రుణావేశం ఉన్న గుంపులన్నీ ఇరుకు చోట ఇమడవు.

ఎడమ కర్రలో పంచభుజుల ఆక్సిజన్ కొన పైకి ఉంటే, కుడి కర్రలో తలకిందులుగా ఉండాలి. బొమ్మ దిద్దేవాళ్లు మొదట చూసేది ఇదే.

ఇప్పుడు మెలిక. డీఎన్‌ఏ సాధారణ రూపమైన బి-డీఎన్‌ఏ కుడిచేతి మెలిక. కాగితం మీద పరీక్ష సులువు: మీకు ముందు వైపున కనిపించే పోగు కింది ఎడమ నుంచి పై కుడికి ఎక్కుతూ ఉండాలి. పై ఎడమ నుంచి కింది కుడికి దిగుతుంటే అది ఎడమచేతి మెలిక, తప్పు. గూగుల్‌లో దొరికే బొమ్మల్లో, కంపెనీల లోగోల్లో ఎడమచేతి మెలికలు బోలెడు కనిపిస్తాయి. అవి చూసి దించకండి. ఎడమచేతి మెలిక ఉన్న జడ్-డీఎన్‌ఏ అనే రూపం నిజంగానే ఉంది గానీ, మామూలు ప్రశ్నలో అడిగేది అది కాదు.

రెండు పోగుల మధ్య ఒక వెడల్పు గాడి, ఒక ఇరుకు గాడి ఉంటాయి. పెద్ద గాడి సుమారు 2.2 నానోమీటర్లు, చిన్న గాడి సుమారు 1.2. రెండూ సమానంగా గీస్తే బొమ్మ అందంగానే ఉంటుంది గానీ నిజం కాదు. జతలోని రెండు చక్కెరలు సరిగ్గా ఎదురెదురుగా కాకుండా ఒక పక్కకు ఒరిగి ఉండటమే దీనికి కారణం.

## 7. లెక్కలు

ఏ లెక్క వచ్చినా మొదట ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇచ్చిన సంఖ్య జతలదా, బేస్‌లదా? 1,000 జతలు అంటే 2,000 బేస్‌లు. ఎక్కువ జవాబులు ఇక్కడే రెట్టింపో సగమో అయిపోతాయి.

చార్గాఫ్ నియమం. రెండు పోగుల డీఎన్‌ఏలో ఏ = టీ, జీ = సీ. కాబట్టి ఏ శాతం, జీ శాతం కలిపితే 50.

1,000 జతల డీఎన్‌ఏలో అడినైన్ 20 శాతం. హైడ్రోజన్ బంధాలెన్ని?

- మొత్తం బేస్‌లు 2,000
- ఏ = 400, టీ = 400
- మిగిలినవి 1,200; జీ = 600, సీ = 600
- ఏ–టీ జతలు 400, జీ–సీ జతలు 600. కలిపితే 1,000. సరిపోయింది
- బంధాలు: 400 × 2 + 600 × 3 = 800 + 1,800 = 2,600

నాలుగో వరుసలోని "కలిపితే 1,000" అన్న తనిఖీ వదలొద్దు. అక్కడ 2,000 వస్తే బేస్‌లను జతలుగా లెక్కపెట్టారన్నమాట.

తిరగేసిన ప్రశ్న. 1,000 జతల్లో 2,600 బంధాలున్నాయి, జీ–సీ జతలెన్ని? రెండు సమీకరణాలు రాయక్కర్లేదు. ప్రతి జతకూ కనీసం రెండు బంధాలు ఉంటాయి, అంటే 2,000. మించిన 600లో ఒక్కోటి ఒక్కో జీ–సీ జతది. జవాబు 600. నీట్‌లో ఒక నిమిషం మిగులుతుంది.

ఒక పోగు శాతాలిచ్చి మొత్తానికి అడిగితే. ఒక పోగులో ఏ 30, టీ 10, జీ 40, సీ 20 శాతం అనుకోండి. జత పోగులో టీ 30, ఏ 10, సీ 40, జీ 20. మొత్తం డీఎన్‌ఏలో ఏ = (30 + 10) ÷ 2 = 20, టీ కూడా 20, జీ 30, సీ 30.

ఒంటి పోగులో ఏ 30 శాతం అని మాత్రమే చెప్పి, అదే పోగులో టీ ఎంత అని అడిగితే? చెప్పలేం. ఒంటి పోగుకు చార్గాఫ్ నియమం వర్తించదు. "30" అని రాసేవాళ్లకోసమే ఆ ప్రశ్న పెడతారు.

పొడవు. జతల సంఖ్యను 0.34 నానోమీటర్లతో గుణించండి. మనిషి కణంలో సుమారు 6.6 × 10⁹ జతలు; 0.34 × 10⁻⁹ మీటర్లతో గుణిస్తే సుమారు 2.2 మీటర్లు. ఇక్కడ బేస్‌ల సంఖ్య వేస్తే 4.4 వస్తుంది. 1.36 మిల్లీమీటర్ల బ్యాక్టీరియా డీఎన్‌ఏలో ఎన్ని జతలని అడిగితే భాగించాలి: 1.36 × 10⁻³ ÷ 0.34 × 10⁻⁹ = 4 × 10⁶. మిల్లీమీటర్లను, నానోమీటర్లను ముందు మీటర్లలోకి మార్చుకుంటే టెన్షన్ ఉండదు.

మెలికలు. జతలను 10తో భాగించండి.

ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు. తిన్నని ఒక పోగులో, న్యూక్లియోటైడ్‌ల కంటే ఒకటి తక్కువ. రెండు పోగులు కలిపి, జతల సంఖ్యలోంచి ఒకటి తీసి రెట్టింపు చేయాలి. బ్యాక్టీరియా డీఎన్‌ఏ, ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ) లాంటి గుండ్రటి వాటికి చివరలే లేవు కాబట్టి ఏమీ తీయక్కర్లేదు. జతల సంఖ్యకు సరిగ్గా రెట్టింపు.

మన 4వ మెట్టు ఉదాహరణకే ఇవన్నీ వేసి చూడండి. 10 జతలు, 3.4 నానోమీటర్లు, ఒక మెలిక, ఆరు ఏ–టీ జతలు, నాలుగు జీ–సీ జతలు, 24 హైడ్రోజన్ బంధాలు, 18 ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు.

## 8. ఆర్‌ఎన్‌ఏ రాయమంటే

అడుగులు మారవు. టీ బదులు యూ (యురాసిల్) రాయడమే తేడా. ఏ పోగు ఇచ్చారో మాత్రం జాగ్రత్తగా చదవండి.

టెంప్లేట్ పోగు (ఆర్‌ఎన్‌ఏకు అచ్చుగా పనిచేసేది) ఇస్తే జత కట్టాలి: 3'–టీ ఏ సీ జీ జీ టీ సీ ఏ టీ టీ–5' ఇచ్చారు అంటే, ఎంఆర్‌ఎన్‌ఏ (మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ) 5'–ఏ యూ జీ సీ సీ ఏ జీ యూ ఏ ఏ–3'.

కోడింగ్ పోగు (టెంప్లేట్‌కు జత పోగు) ఇస్తే జత కట్టకండి. అదే వరుస దించి, టీ ఉన్నచోటల్లా యూ పెట్టండి, అంతే. తెలిసిన పిల్లలు కూడా ఇక్కడ అలవాటు కొద్దీ జత కట్టేస్తారు.

## 9. సైన్స్ ఫెయిర్‌కు కొలతల ప్రకారం మోడల్

ఐస్‌క్రీమ్ పుల్లలు, థర్మోకోల్ ఉండలతో చేసే మోడళ్లు చూడటానికి బాగుంటాయి గానీ చాలావాటిలో కొలతలుండవు. 1 నానోమీటరుకు 5 సెంటీమీటర్లు అనుకుంటే మోడల్ టేబుల్ మీద నిలబడే సైజులో వస్తుంది: వెడల్పు 10 సెం.మీ., మెలిక ఎత్తు 17 సెం.మీ., మెట్టుకూ మెట్టుకూ 1.7 సెం.మీ. రెండు మెలికలకు 21 మెట్లు కావాలి. మెట్ల వరకు ఎత్తు 34 సెం.మీ.

కావాల్సినవి: గట్టి అట్ట, నిటారుగా ఉండే సన్నటి ఇనుప చువ్వ, చెక్క పీట, స్ట్రాలు, కోణమానిని, నాలుగు రంగు కాగితాలు, రెండు రంగుల కరెంటు వైరు, జిగురు.

1. పీట మీద వృత్తం గీసి 36 డిగ్రీల చొప్పున పది గీతలుగా విభజించండి. పై నుంచి చూసినప్పుడు గడియారానికి వ్యతిరేక దిక్కులో 1 నుంచి 10 వరకు అంకెలు వేయండి. మధ్యలో చువ్వ దిగగొట్టండి.
2. అట్టతో ఒకే కొలతలో 21 మెట్లు కత్తిరించండి. ఒక్కోటి వంగిన ఆకారంలో, 5 సెం.మీ. పొడవైన రెండు చేతులతో ఉండాలి. చేతుల మధ్య కోణం 130 డిగ్రీలు. వంపు దగ్గర చువ్వకు రంధ్రం. ఈ వంపు వల్లే పెద్ద గాడి, చిన్న గాడి వాటంతటవే వస్తాయి. తిన్నని మెట్లు పెడితే రెండు గాడులూ సమానమైపోతాయి.
3. జతలకు రంగులంటించండి. ప్యూరిన్ రంగు వంపు దాటి అవతలి చేతిలోకి కొంచెం రావాలి, ఎందుకంటే అది పొడుగు.
4. మొదటి మెట్టు ఎడమ చేయి 1వ గీత మీదకు వచ్చేలా పెట్టండి. ఎడమ చేయి అంటే, 130 డిగ్రీల నోరు మీ వైపు ఉన్నప్పుడు పై నుంచి చూస్తే ఎడమ పక్కన ఉండేది.
5. స్ట్రా ముక్క వేసి, రెండో మెట్టు ఎడమ చేయి 2వ గీత మీదకు, మూడోది 3వ గీత మీదకు. స్ట్రా ముక్క, అట్ట మందం కలిపి 1.7 సెం.మీ. ఉండాలి. అట్ట మందం మర్చిపోతే మోడల్ ఎత్తు పెరిగిపోతుంది.
6. ఎడమ చేతుల కొనలన్నీ ఒక రంగు వైరుతో, కుడి చేతుల కొనలన్నీ రెండో రంగు వైరుతో కలపండి.
7. ఎడమ చేతుల వైరుకు కింద 5', పైన 3' చీటీలు. కుడి చేతుల వైరుకు కింద 3', పైన 5'. వీటిని తారుమారు చేయకండి. కుడిచేతి మెలికలో ఏ పోగు ఎటు నడుస్తుందో కూడా ప్రకృతిలో స్థిరమే.

మోడల్ పూర్తయ్యాక ఎదురుగా నిలబడి చూడండి. ముందు వైపు వైరు కింది ఎడమ నుంచి పై కుడికి వెళుతోందా? లేదంటే పీట మీది అంకెలు వ్యతిరేక దిక్కులో పడ్డాయి. మెట్లన్నీ తీసి మళ్లీ పేర్చాల్సిందే, ఇంకో దారి లేదు. అందుకే ఐదు మెట్లు పేర్చగానే ఒకసారి చూసుకోవడం మంచిది.

## 10. తరచుగా వచ్చే తప్పులు, వాటికి మందు

జవాబులో రెండు పోగులకూ ఎడమ పక్క 5' ఉంది. తిరగేయకుండా చివర తగిలించారు. అక్షరాల కంటే ముందు చివరలు రాసే అలవాటు చేసుకోండి.

తిరగేశారు కానీ జత కట్టలేదు, లేదా రెండుసార్లు తిరగేశారు. రెండు పనులూ ఒకే వరుసలో మనసులో చేయబోతే ఇలా అవుతుంది. ఒక వరుసలో జత, కింది వరుసలో తిరగేయడం. చోటు పొదుపు చేయకండి.

ఏ, జీ కలిపితే 50 రావట్లేదు. లెక్క తప్పో, లేక ఇచ్చింది ఒంటి పోగు డీఎన్‌ఏనో. ఫై ఎక్స్ 174 అనే బ్యాక్టీరియోఫాజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) డీఎన్‌ఏ ఒంటి పోగే, 5,386 న్యూక్లియోటైడ్‌లు.

ఎంఆర్‌ఎన్‌ఏలో టీ కనిపిస్తోంది. చివర్లో ఒకసారి టీ ల కోసం మాత్రమే వెతకండి.

"డీఎన్‌ఏ పోగులోని న్యూక్లియోటైడ్‌లను హైడ్రోజన్ బంధాలు కలుపుతాయి" అని రాశారు. ఒక పోగు లోపల కలిపేవి ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు. రెండు పోగుల మధ్యవి హైడ్రోజన్ బంధాలు. వేడి చేస్తే రెండోవే విడిపోతాయి, పోగులు తెగవు.

## 11. చేసి చూడండి

కాగితం మీద చేశాకే కింది జవాబులు చూడండి.

1. 5'–సీ జీ టీ ఏ ఏ జీ సీ–3' కి జత పోగును 5' నుంచి రాయండి. హైడ్రోజన్ బంధాలెన్ని?
2. 500 జతల డీఎన్‌ఏలో 1,200 హైడ్రోజన్ బంధాలున్నాయి. అడినైన్ ఎంత శాతం?
3. ఒక వైరస్ డీఎన్‌ఏలో ఏ 24, టీ 31, జీ 23, సీ 22 శాతం. దీన్ని బట్టి ఏం చెప్పగలరు?
4. 34 నానోమీటర్ల తిన్నని రెండు పోగుల డీఎన్‌ఏలో జతలు, మెలికలు, ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు ఎన్ని?
5. టెంప్లేట్ పోగు 3'–టీ ఏ సీ ఏ ఏ జీ సీ జీ టీ–5'. ఎంఆర్‌ఎన్‌ఏ, కోడింగ్ పోగు రాయండి.

జవాబులు:

1. 5'–జీ సీ టీ టీ ఏ సీ జీ–3'. జీ–సీ జతలు నాలుగు, ఏ–టీ జతలు మూడు; 12 + 6 = 18 బంధాలు.
2. 1,000కి మించినవి 200, కాబట్టి జీ–సీ జతలు 200, ఏ–టీ జతలు 300. మొత్తం 1,000 బేస్‌లలో ఏ 300; 30 శాతం.
3. ఏ, టీ సమానం కాదు. జీ, సీ కూడా కాదు. ఒంటి పోగు డీఎన్‌ఏ.
4. 100 జతలు, 10 మెలికలు, 99 × 2 = 198 బంధాలు.
5. ఎంఆర్‌ఎన్‌ఏ 5'–ఏ యూ జీ యూ యూ సీ జీ సీ ఏ–3'. కోడింగ్ పోగు 5'–ఏ టీ జీ టీ టీ సీ జీ సీ ఏ–3'.

మొదటిదో ఐదోదో తప్పితే 4వ మెట్టుకు, రెండోదో నాలుగోదో తప్పితే 7వ మెట్టుకు వెళ్లి మళ్లీ చేయండి. మూడోది తప్పితే కంగారు అక్కర్లేదు. చార్గాఫ్ నియమం పక్కన "రెండు పోగులుంటేనే" అని నోట్సులో ఎర్ర సిరాతో రాసుకోండి.